రెండు నుంచి పన్నెండు గొణుగుపోతులు

ఆ ఆఫీసులో పని తొమ్మిదిన్నరకి మొదలవుతుంది కానీ, గొణుగుడు మాత్రం తొమ్మిదింబావుకే మొదలవుతుంది. కింద కళ్ళజోళ్ళ దుకాణం, మొదటి అంతస్తులో పుస్తకాల గోదాము, రెండో అంతస్తులో ఆఫీసు. గోదాము నుంచి పైకి వెళ్ళే మెట్లు మలుపు తిరిగే చోట కాస్త వెడల్పాటి జాగా ఉంది. అక్కడ కిటికీ కింద గొణుగుపోతు కూర్చుని ఉంటుంది. దూడంత ఒళ్ళు, కాళ్ళు తుడుచుకుని తుడుచుకుని రంగు పోయిన పట్టా లాంటి బొచ్చు, రెండు కొమ్ములు. ఎడమ కొమ్ము కొన విరిగింది.

ఎవరు మెట్లెక్కినా వాళ్ళ మొహంలోకి ఒక్కసారి చూసి, వాళ్ళు పొద్దుటినుంచీ లోపల అణిచిపెట్టుకున్న విసుగుని అది బయటికి గొణుగుతుంది. బొమ్మలాయన వచ్చాడనుకోండి. ఆయన ఈ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలు వేస్తున్నాడు. "చొక్కా ఇస్త్రీకిస్తే గుండీ ఊడగొట్టి ఇచ్చాడు, అదీ సరిగ్గా పొట్ట మీదది" అని గొణుగుతుంది. ఊడ్చే ఆవిడ వస్తే, "కోడలు స్నానానికి దూరిందంటే ఇక బయటికి రాదు, కుళాయి కట్టేశాక నా గతేం కాను" అంటుంది. అది గొణిగేస్తే మనిషికి తేలిగ్గా ఉంటుంది. చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళి హాయిగా పని చేసుకుంటారు.

అందుకని అక్కడో మర్యాద ఉంది. మలుపులో ఒకరుండగా ఇంకొకరు ఎక్కరు. గోదాము తలుపు దగ్గరే ఆగి, పైన ఆఫీసు తలుపు మూసిన చప్పుడు విన్నాక అడుగేస్తారు. ఒకరి గొణుగుడు ఇంకొకరు వినకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి కుర్చీ చూపించకముందే ఈ సంగతి చెప్తారు.

ఎడిటరమ్మకి మాత్రం ఈ మధ్య ఆ మలుపు దాటడం పెద్ద గండమైపోయింది. ఆవిడ ఆ ఆఫీసుకి వచ్చి ఇరవై రెండేళ్ళు. సన్నగా, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని దాని కోసమే బల్లంతా వెతికే మనిషి. ఆవిడ కనబడగానే గొణుగుపోతు మూతి ముందుకు చాపి, "రాసేది నేను, పేరేమో..." అని మొదలెడుతుంది. "ష్! నోర్మూసుకో, ఎవరైనా వింటారు" అని ఆవిడ చేతిసంచి దాని మూతికి అడ్డం పెట్టి గబగబా ఎక్కేస్తుంది. రెండు వారాలుగా ఇదే తంతు. దాన్ని పూర్తి చెయ్యనివ్వదు, తనూ మనసులోంచి తీసెయ్యదు. ఆఫీసు మొత్తంలో పొద్దున్నే బరువుతో లోపలికి వెళ్ళే మనిషి ఆవిడొక్కతే.

ఆ బరువేమిటో చెప్పాలంటే ముందు ఆ పుస్తకం గురించి చెప్పాలి. బల్ల చుట్టూ నలుగురు కూర్చుని, పాచికలు వేసుకుంటూ, ఒకరు కథ చెప్తుంటే మిగతావాళ్ళు అందులో వీరులై రాక్షసులతో పోట్లాడే ఆట ఒకటుంది. ఆ ఆటకి కావలసిన రాక్షసులందరి వివరాలూ ఉండే లావుపాటి పుస్తకం ఈ ఆఫీసు నుంచే వస్తుంది. పేరు రాక్షసకోశం. రాసింది పెద్దాయన, ఆఫీసూ ఆయనదే. ఇప్పుడాయనకి డెబ్భై తొమ్మిది. మూడు ముద్రణల నుంచీ, అంటే చూపు మందగించిన పదకొండేళ్ళ నుంచీ, ఆయన నాలుగు ముక్కలు చెప్పి "కాస్త సరిచెయ్యమ్మా" అంటాడు. ఆ నాలుగు ముక్కలు ఎడిటరమ్మ చేతిలో నాలుగు పేజీలవుతాయి. చిత్తడి నేలల్లో దీపం పట్టుకు తిరిగే జాతి ఆవిడదే. అద్దంలోంచి తిండి దొంగిలించే జాతీ ఆవిడదే. అట్ట మీద పేరు పెద్దాయనది.

ఆవిడకి అది పెద్ద బాధ కాదనుకుంది ఇన్నాళ్ళూ. కానీ రెండు వారాల కిందట అల్లుడుగారు పిలిచి ఒక మాట చెప్పాడు. అల్లుడుగారంటే పెద్దాయన కూతురి భర్త, ఆఫీసు వ్యవహారాలన్నీ ఇప్పుడు ఆయనే చూస్తున్నాడు. "ఈ నాలుగో ముద్రణ అయిపోగానే ఎడిటింగ్ పని బయటికిచ్చేద్దాం మేడమ్. మీరు ఏమీ అనుకోకండి, తప్పులు దిద్దడానికి ఎడిటర్ ఎవరైనా ఒకటేగా. ఉత్తరం కూడా టైపు చేయించి పెట్టాను, పుస్తకం బయటికి రాగానే ఇస్తాను." ఆవిడ తలూపి వచ్చేసింది. ఇంట్లో భర్తకీ చెప్పలేదు, ఆడపడుచుకీ చెప్పలేదు. చెప్తే "అయ్యో" అంటారు. ఆ "అయ్యో" భరించడం ఆవిడ వల్ల కాదు.

పుస్తకం శుక్రవారం ప్రెస్సుకి వెళ్ళాలి. ఆ ముందు సోమవారం అల్లుడుగారు మీటింగు పెట్టాడు.

రాక్షసకోశంలో మొదటినుంచీ రెండు భాగాలున్నాయి. మొదటిది జాతులు. అక్కడ ప్రతిదానికీ "ఎన్ని ఎదురవుతాయి" అని ఒక లెక్క ఉంటుంది. రెండోది ఒంటరివి. లోకంలో ఒక్కటంటే ఒక్కటే ఉండే రాక్షసులు, మొత్తం నలభై ఒకటి. అల్లుడుగారు రెండో భాగం ఎత్తేద్దామన్నాడు.

"మామయ్యగారూ, ఆడేవాళ్ళు ఒంటరిదాన్ని ఒకసారి చంపితే ఆ పేజీకి నూకలు చెల్లినట్టే. మళ్ళీ వాడుకోడానికి లేదు. అన్నిటినీ జాతులు చేసేస్తే పోలా?"

పెద్దాయన కర్ర నేలకేసి కొట్టాడు. "బావిలో ఒంటికన్ను ముసలిదుంది. దాని కన్ను ఎలా పోయిందో రెండు పేజీలు రాశాం. ఇప్పుడు ఊరి నిండా ఒంటికన్ను ముసలమ్మలంటావా? అందరి కన్నూ అదే గొడవలో పోయిందా?"

"అవన్నీ ఎవరు పట్టించుకుంటారండీ?"

"జాతి అంటే ఎలా ఉంటుందో రాస్తాం. ఒంటరిది అంటే ఏం చేసిందో రాస్తాం. రెండూ ఒకటేనటయ్యా?"

"మీరు భలేవారండీ" అని నవ్వేసి అల్లుడుగారు కొత్త ఫారం చూపించాడు. ఇకనుంచి ప్రతి రాక్షసుడి వివరాలూ కంప్యూటర్లో ఈ ఫారంలోనే ఎక్కించాలి. పేరు, గుర్తులు, అలవాట్లు, ఎన్ని ఎదురవుతాయి. ఆ చివరి గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకి కదలదు. అందులో సొంతంగా ఏమీ రాయడానికి లేదు, ఉన్నవాటిలోంచి ఎంచుకోవాలి. అన్నీ పాచికల లెక్కలే. అన్నిటికంటే చిన్నది రెండు పాచికలది, రెండు నుంచి పన్నెండు. రెండు పాచికలు వేస్తే ఒకటి ఎలా పడుతుంది?

నలభై ఒక్కటీ ఆ సాయంత్రంలోగా ఎక్కించాలి. ఎడిటరమ్మ తల పట్టుకుని కూర్చుంది. మొదటి పదీ ఏడుస్తూ చేసింది, తర్వాతి పదీ తిట్టుకుంటూ చేసింది, ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. పేరు, గుర్తులు, అలవాట్లు, రెండు నుంచి పన్నెండు. మళ్ళీ పేరు, గుర్తులు, అలవాట్లు. ముప్ఫై ఏడోదో ఎనిమిదోదో గొణుగుపోతు. రోజూ మెట్ల మీద చూసే దాన్ని పుస్తకంలో ఎవరు గుర్తుపెట్టుకుంటారు! గుర్తుల గడిలో "ఎడమ కొమ్ము కొన విరిగి ఉంటుంది" అని కొట్టింది. అలవాట్ల గడిలో "దారినపోయేవారి విసుగును గొణుగుతుంది" అని కొట్టింది. రెండు నుంచి పన్నెండు. నొక్కేసి ఇంటికెళ్ళిపోయింది.

మిగతా నలభై పెద్దాయన ఊహలోంచి పుట్టినవి కాబట్టి వాటితో ఏ గొడవా రాలేదు. గొణుగుపోతు అలా కాదు, అది అక్కడ కూర్చుని ఉంటే చూసి రాసింది. మంగళవారం పొద్దున మెట్ల మీద తొమ్మిది గొణుగుపోతులున్నాయి.

గోదాము తలుపు సగమే తెరుచుకుంది. ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని మొదటి మెట్టు దగ్గరే నిలబడిపోయింది. "ఒక్కదాని బొచ్చు ఊడ్చేసరికే నా నడుం విరిగేది. ఇప్పుడు తొమ్మిదా! ఎవరమ్మా ఈ నిర్వాకం?"

"ఎడిటరమ్మగారు రెండు నుంచి పన్నెండు అని ఎక్కించారట" అన్నాడు బొమ్మలాయన.

"అలా ఎక్కిస్తే రాక ఏం చేస్తాయి, పాపం" అంది ఊడ్చే ఆవిడ, వాటి మీద జాలిపడుతూనే ఎడిటరమ్మని కొరకొరా చూసి.

తొమ్మిదింటికీ ఎడమ కొమ్మే విరిగింది, అదీ ఒకే చోట. బొమ్మలాయన వాటి మధ్యలోంచి ఒత్తుకుంటూ ఎక్కాడు. తొమ్మిదీ ఆయన మొహంలోకి చూసి ఒక్క గొంతుతో "మగాళ్ళ కష్టం ఎవరికి కావాలి" అని గొణిగాయి. ఆయన ఆగిపోయాడు. ఆ పొద్దున ఆయన విసుగు పక్కింటివాళ్ళు గోడకి కొట్టిన మేకు గురించి. అది లోపలే ఉండిపోయింది. ఊడ్చే ఆవిడతో "కోడళ్ళంతా ఇంతే" అన్నాయి. నిజానికి ముందురోజు కోడలే ఆవిడ కాళ్ళకి మందు రాసింది. అల్లుడుగారు వస్తే "అల్లుళ్ళెప్పుడూ పరాయివాళ్ళే" అన్నాయి. ఆయన మొహం మాడ్చుకుని లోపలికెళ్ళి తలుపు ధడాలున వేశాడు.

ఎడిటరమ్మ ఒక్కొక్కదాని ముందూ ఆగింది. ఎప్పటిలా సంచి అడ్డం పెట్టలేదు. ఒక్కటైనా "రాసేది నేను" అని మొదలెడుతుందేమోనని చూసింది. "ఆడవాళ్ళ బాధలు ఆడవాళ్ళవే" అంది మొదటిది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. తొమ్మిదోది కూడా అదే మాట అనేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"ఆడవాళ్ళ బాధేంటే, నా బాధ! నాది!" అని మెట్ల మీదే అరిచింది. తొమ్మిదీ తలలు తిప్పి, "ఎడిటర్లకి కోపం ఎక్కువ" అన్నాయి.

ఆ రోజు ఆఫీసులో ఒక్క పనీ సాగలేదు. బొమ్మలాయన మూడు కాగితాలు చించేశాడు. టీ చల్లారిందని ఒకరు, అసలు పోసిందెవరని ఇంకొకరు. పొద్దున్నే దిగిపోవాల్సిన విసుగులు దిగకపోయేసరికి అందరికీ అందరి మీదా కోపమే. ఎడిటరమ్మ ఫారం తెరిచి ఆ చివరి గడి చెరపబోయింది. చెరిపితే మిగతా గడులన్నీ ఎర్రబడి, మళ్ళీ దానంతట అదే రెండు నుంచి పన్నెండు అని పెట్టేసుకుంది. పదిసార్లు చేసింది. పదిసార్లూ అంతే.

బుధవారం నాలుగే ఉన్నాయి. అమ్మయ్య అనుకున్నారు. ఆవిడ మాత్రం మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టింది. మిగతా అయిదూ ఎటు పోయాయి? పోయినవాటిలో మనది ఉందేమో! గురువారం పదకొండు. కిటికీలోంచి వెలుగు రావడానికి కూడా సందు లేదు.

ఆ గురువారమే పెద్దాయన వచ్చాడు. వారానికోసారి ఆయన గొణుగుపోతు పక్కన మెట్టు మీద కూర్చోడానికే వస్తాడు. ఎడిటరమ్మ చెయ్యి పట్టుకుని మలుపు దాకా ఎక్కించింది. ఆయన చెయ్యి చాపి ఒక బొచ్చు తడిమాడు, ఇంకోటి తడిమాడు.

"మనది ఏదమ్మాయ్?"

"తెలీడం లేదు సార్. అన్నిటికీ ఎడమ కొమ్మే విరిగింది."

"అదెలా? మన బొమ్మలాయన బల్ల పైకి మోయిస్తూ గోడకేసి నొక్కితే కదా అది విరిగింది. ఉన్నది ఒక్క బల్ల. పదకొండింటికి ఎలా విరుగుతుంది?"

"నేనే సార్, గుర్తుల్లో రాశాను. గొణుగుపోతులకి కొన విరిగి ఉంటుందని. అన్నీ అలాగే వచ్చేశాయి." అంతవరకూ బిగబట్టుకున్న మనిషికి అక్కడ ఏడుపొచ్చేసింది. "చూసుకోకుండా నొక్కేశాను సార్. రోజూ చూసేదాన్ని కూడా గుర్తుపట్టలేకపోయాను."

పెద్దాయన మెట్టు మీద కూలబడ్డాడు. పదకొండూ "ముసలాళ్ళకి చాదస్తం" అన్నాయి. ఆయన వాటిని పట్టించుకోలేదు.

"పాత పుస్తకంలో ఒంటరివాటికి ఎన్ని ఎదురవుతాయని ఉండదు, ఆ చోట ఏముంటుందో గుర్తుందా?"

"చూసినవారు అని ఉంటుంది సార్. పక్కన ఒక పేరు."

"అవును. జాతికి లెక్క చాలు. ఒంటరిదానికి చూసిన మనిషి కావాలి. దీనికి అప్పుడు నా పేరు వేశాను. ఇప్పుడు నా కళ్ళు చూస్తున్నావుగా. ఈ పదకొండేళ్ళూ దాన్ని చూసింది నువ్వు. నువ్వే రాయాలి."

ఆవిడ లోపలికి వెళ్ళి ఫారం జోలికి పోలేదు. ఆ పేజీ ప్రూఫు కాగితం తీసి, అచ్చయి ఉన్నదంతా అడ్డంగా కొట్టేసి, వెనక్కి తిప్పి పెన్నుతో రాయడం మొదలెట్టింది. ఎలా ఉంటుందో రాయలేదు, ఏం చేసిందో రాసింది. కొమ్ము విరిగిన రోజు అది తన నొప్పి గొణగకుండా, బల్ల మోసిన కూలీ భుజం నొప్పి గొణిగిన సంగతి రాసింది. తన తల్లి పోయిన పదో రోజునే పనిలోకి రావలసివచ్చి, మెట్లెక్కలేక అక్కడ నిలబడిపోయిన పొద్దున సంగతి రాసింది. "అమ్మ చీరలు ఇంకా మడతపెట్టనేలేదు" అని అది తన తరఫున గొణిగి, ఆ తర్వాత సాయంత్రం దాకా ఎవరొచ్చినా నోరు మెదపలేదు. వచ్చినవాళ్ళంతా ఏమయిందోనని దాని కడుపు తడిమి చూశారు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు ఆవిడ.

అడుగున "చూసినవారు" అని రాసి ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో వేలకొద్దీ పేజీలు ఆ బల్ల మీదుగా పోయాయి. ఒక్క పేజీ మీదా ఆవిడ పేరు లేదు. కళ్ళజోడు కోసం బల్లంతా వెతికింది, నెత్తిన దొరికింది. పెట్టుకుని, ఇంటిపేరుతో సహా రాసింది.

అల్లుడుగారు కాగితం చూసి కనుబొమలు ముడిచాడు. "ఇదేంటి మేడమ్? ఎడిటర్ పేరు లోపల పేజీల్లో వేస్తారా ఎవరైనా?"

"ఎడిటర్ పేరు కాదండీ. చూసినవాళ్ళ పేరు."

"ఫారంలో ఆ గడే లేదు కదా!"

"అందుకే కాగితం మీద రాశాను."

ఆయన ఇంకేదో అనబోయాడు. తలుపు సందులోంచి పదకొండు గొంతులు "అల్లుళ్ళెప్పుడూ పరాయివాళ్ళే" అన్నాయి. ఆయన రెండు చేతులూ చెవులకి నొక్కుకుని, "పంపించెయ్యండి! ఆ కాగితమే ప్రెస్సుకి పంపించెయ్యండి, నా వల్ల కాదు" అన్నాడు. ఆ పేజీతో కలిపి లోపలి పేజీలన్నీ మధ్యాహ్నానికే వెళ్ళిపోయాయి. మర్నాడు వెళ్ళాల్సింది ఇక అట్ట ఒక్కటే.

శుక్రవారం తొమ్మిదింబావుకి గోదాము దగ్గర అందరూ చేరారు. పెద్దాయన కూడా ఆటో ఎక్కి వచ్చేశాడు. ఊడ్చే ఆవిడ తొంగి చూసి, "ఒకటే! ఒకటే ఉందమ్మా!" అని కేక పెట్టింది. ఆ సంబరంలో మర్యాద సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఒకరి వెనక ఒకరు తోసుకుంటూ అందరూ ఒకేసారి మలుపులోకి ఎక్కేశారు.

గొణుగుపోతు అందరికంటే ముందున్న అల్లుడుగారి మొహంలోకి చూసింది. "మామయ్యగారి చేత ఒక్కసారి శభాష్ అనిపించుకోవాలని మూడు నెలలు కూర్చుని ఆ ఫారం చేయించాను. ఆయన దాన్ని చూడను కూడా చూడలేడు" అని గొణిగింది. అల్లుడుగారు గోడవైపు తిరిగిపోయాడు.

అప్పటికి ఎడిటరమ్మకి విషయం అర్థమై వెనక్కి తిరగబోయింది. వెనకాల ఊడ్చే ఆవిడ, ఆవిడ వెనకాల బొమ్మలాయన. దారి లేదు. సంచి కింద గోదాము దగ్గరే వదిలేసింది. గొణుగుపోతు మూతి ముందుకు చాపింది.

"రాసేది నేను, పేరేమో ఆయనది. మూడు ముద్రణలు రాశాను. చిత్తడి నేలల దీపం నాది. అద్దంలో దొంగ నాది. ఇప్పుడు ఎడిటర్ ఎవరైనా ఒకటేనట. ఉత్తరం కూడా టైపు చేయించారట. ఎవరికని చెప్పుకోను?"

మొదటిసారి అది ఆ మాట చివరికంటా అనగలిగింది. ఎడిటరమ్మ మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అల్లుడుగారు మెల్లిగా ఇటు తిరిగి మామగారి వైపు చూశాడు, "మీరేమంటారు" అన్నట్టు.

పెద్దాయన నోరు తెరిచేలోపే గొణుగుపోతు ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ అది ఆయన పక్కన ఏం గొణిగేదో ఎవరూ విని ఎరగరు.

"ప్రతి గురువారం ఈ మాట చెప్పాలనే మెట్లెక్కుతాను" అంది అది ఆయన విసుగుతో, దాదాపు ఆయన గొంతుతో. "ఆ పిల్ల రాస్తోంది, నా పేరు మీద పోతోంది. పదకొండేళ్ళయింది. చెప్తే నేనేమైపోతానో అని భయం. ఇక్కడ కూర్చుని, దీనికి చెప్పేసి, తేలికపడి దిగిపోతున్నాను. సిగ్గులేని ముసలాణ్ణి."

పెద్దాయన కర్రని రెండు చేతులా పట్టుకుని తల వంచుకున్నాడు. "అది చెప్పింది నిజమే" అన్నాడు. ఆ తర్వాత అల్లుడి చెయ్యి తడుముకుని పట్టుకుని, "అట్ట ఇంకా పోలేదుగా? ఆపు. ఆ ఉత్తరం నాకియ్యి. ఫారం సంగతి... నాకు చదివి వినిపించు, చూస్తాను" అన్నాడు.

అట్ట ఆ రోజు వెళ్ళలేదు, సోమవారం వెళ్ళింది. పేజీలు ప్రెస్సు నుంచి వెనక్కి తెప్పించి ఒంటరివాటికి మళ్ళీ వేరే భాగం పెట్టారు. పుస్తకం రావడం వారం ఆలస్యమైంది, దానికి అందరూ అందర్నీ తిట్టుకున్నారు. ఉత్తరం ఏమైందో ఎవరూ అడగలేదు. బొమ్మలాయన మాత్రం దాని వెనకవైపు పాచికలు మింగుతున్న గొణుగుపోతు బొమ్మ వేసి గోడకి అంటించాడు.

కొత్త పుస్తకం వచ్చిన పొద్దున ఎడిటరమ్మ అందరికంటే ముందొచ్చింది. కింద ఎవరూ లేకుండా చూసుకుని మెట్లెక్కింది. అట్ట మీద పెద్దాయన పేరు కింద తన పేరుంది. గోదాములో తీసుకున్న ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని, ఏమీ పట్టనట్టు మొహం పెట్టి, మలుపులో ఆగింది.

గొణుగుపోతు తీరుబడిగా ఆవిడ మొహంలోకి చూసింది.

"ఆయన పేరు అంత లావు అక్షరాలతో వేసి, నాది మాత్రం చీమల్లా వేశారు" అంది.

"అవునే!" అంది ఎడిటరమ్మ, సంచి పక్కన పెట్టి దాని పక్కనే మెట్టు మీద కూర్చుంటూ. "చూశావా మరి! ఇంకా చెప్పు."